ఎక్స్‌పెరిమెంటల్ హిప్‌హాప్: ఈ ఆరు ఆల్బమ్‌లలో మీరు దేంతో మొదలుపెట్టాలి?

కొంచెం వేరేగా ఉండే హిప్‌హాప్ వినాలని ఉందని ఎవరినైనా అడిగితే ముప్పై పేర్ల లిస్టు చేతిలో పెడతారు. అందులో మొదటిది పెట్టుకుని, రెండు పాటలు విని, "ఇది మన వల్ల కాదులే" అని వదిలేసినవాళ్లు నాకు తెలిసే బోలెడుమంది ఉన్నారు. ఆ లిస్టుల్లో ఉన్నవన్నీ మంచి ఆల్బమ్‌లే. కానీ ఒకదానికీ ఇంకొకదానికీ పోలికే ఉండదు. అన్నిటికీ కలిపి "ఎక్స్‌పెరిమెంటల్" అని ఒకే బోర్డు తగిలించడంతో, ఒకటి నచ్చకపోతే మిగతావీ నచ్చవనుకుంటారు.

అందుకని ఇక్కడ ఆరే తీసుకున్నాను. ఆరూ అమెరికావి, ఆరూ నేను మళ్లీ మళ్లీ వినేవి. ఏది గొప్పది అనే పంచాయితీ తర్వాత. ముందు మీకు ఏది సరిపోతుందో చూద్దాం.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మామూలు ర్యాప్ పాటలో మనకు కొన్ని గ్యారంటీగా దొరుకుతాయి. తిరిగి తిరిగి వచ్చే హుక్, అంటే మన లెక్కలో పల్లవి. తల ఊపించే బీట్. మాట మాటా తెలిసే గొంతు. "నేను ఇలా బతికాను" అని చెప్పుకునే మనిషి. పాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలిసే ఆకారం. ప్రయోగాలు చేసే ప్రతి ఆల్బమూ వీటిలో ఏదో ఒకటి, ఒక్కోసారి రెండు, లాగేసుకుంటుంది. దాని బదులు ఇంకేదో ఇస్తుంది.

కాబట్టి "ఏది బాగుంటుంది?" అని అడిగే బదులు "ఏది లేకపోయినా నాకు ఫర్వాలేదు?" అని అడగండి. పల్లవి లేకపోతే విసుగొచ్చేవాళ్లు ఉంటారు. హోరు అస్సలు పడనివాళ్లు ఉంటారు. ఈ ఒక్క ప్రశ్నతో సగం ఎంపిక అయిపోతుంది.

రెండోది భాష. వేగంగా సాగే అమెరికన్ స్లాంగ్ మనలో చాలామందికి మొదటి వినికిడిలో సగం కూడా అందదు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఆ ఊరివాళ్లకే అందదు. కొన్ని ఆల్బమ్‌లు అర్థం కాకపోయినా చెవికి ఎక్కుతాయి. కొన్నిటికి లిరిక్స్ ముందు పెట్టుకోకపోతే టైమ్ వేస్టు.

మూడోది ఎక్కడ వింటారు, ఎంతసేపు వింటారు అన్నది. మెట్రోలో అరగంటకు సరిపోయేది వేరు, ఆదివారం మధ్యాహ్నం తలుపేసుకుని వినేది వేరు.

బూతులు ఆరింటిలోనూ ఉన్నాయి. హాల్లో స్పీకర్ మీద పెట్టేముందు ఇంట్లో ఎవరున్నారో చూసుకోండి.

| ఆల్బమ్ | ఎవరిది | ఏడాది | సుమారు నిడివి | ఏది తీసేస్తుంది | లిరిక్స్ చదవకుండా వినొచ్చా |
|---|---|---|---|---|---|
| ద కోల్డ్ వెయిన్ | కానిబల్ ఆక్స్ | 2001 | 75 నిమిషాలు | గాలాడే ఖాళీ, వెచ్చదనం | కష్టం |
| మ్యాడ్‌విలనీ | మ్యాడ్‌విలన్ | 2004 | 46 నిమిషాలు | పల్లవి | హాయిగా |
| బ్లాక్ అప్ | షబాజ్ పాలెసెస్ | 2011 | 36 నిమిషాలు | పాట ఆకారం | వినొచ్చు |
| ద మనీ స్టోర్ | డెత్ గ్రిప్స్ | 2012 | 41 నిమిషాలు | ప్రశాంతత, స్పష్టమైన గొంతు | వినొచ్చు |
| స్ప్లెండర్ అండ్ మిజరీ | క్లిపింగ్ | 2016 | 37 నిమిషాలు | బీట్, "నేను" | వద్దు |
| సమ్ ర్యాప్ సాంగ్స్ | ఎర్ల్ స్వెట్‌షర్ట్ | 2018 | 25 నిమిషాలు | శుభ్రమైన సౌండ్ | మొదటిసారి మాత్రం |

మ్యాడ్‌విలనీ: పల్లవి లేకపోయినా ఫర్వాలేదంటే

ఎమ్ఎఫ్ డూమ్ ర్యాప్, మ్యాడ్‌లిబ్ బీట్లు. ఈ ఇద్దరూ కలిసి పెట్టుకున్న పేరు మ్యాడ్‌విలన్. డూమ్ లండన్‌లో పుట్టి న్యూయార్క్‌లో పెరిగినవాడు. కుర్రతనంలో కేఎమ్‌డీ అనే గ్రూపులో వేరే పేరుతో పాడాడు. 1993లో తమ్ముడు చనిపోయాక కొన్నాళ్లు కనబడకుండా పోయి, కామిక్స్‌లోని విలన్ తరహా లోహపు మాస్క్‌తో తిరిగొచ్చాడు. మ్యాడ్‌లిబ్ పాత రికార్డుల పిచ్చి ఉన్నవాడు. 2002లో బ్రెజిల్ వెళ్లినప్పుడు అక్కడ కొన్న రికార్డులను హోటల్ గదిలోనే చిన్న శాంప్లర్‌లో (పాటల ముక్కలు కోసి మళ్లీ వాయించే యంత్రం) ఎక్కించి ఈ ఆల్బమ్‌కు కొన్ని బీట్లు కట్టాడు. పని పూర్తికాకుండానే ఒక వెర్షన్ ఇంటర్నెట్‌లో లీకైంది. ఆ తర్వాత డూమ్ గొంతు ఇంకా కిందికి దించి, నింపాదిగా మళ్లీ రికార్డు చేశాడు. ఇవాళ మనం వింటున్నది ఆ గొంతే. సోఫాలో ఒరిగి, కళ్లు సగం మూసుకుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

మొత్తం 22 ట్రాక్‌లు. చాలావాటికి పల్లవి లేదు. "అకార్డియన్" పాట తీసుకోండి: అకార్డియన్ మీద చిన్న ముక్క ఒకటి తిరుగుతూ ఉంటుంది, డూమ్ దాని మీద ఆపకుండా చెప్పుకుపోతాడు, రెండు నిమిషాలు నిండకుండానే పాట అయిపోతుంది. బాగుంది అనుకునేలోపే పక్క పాటలో ఉంటాం. దీనికి చిరాకు పడేవాళ్లు ఉన్నారు, వాళ్లను తప్పుపట్టలేం.

ఇక్కడ మన చెవికి ఒక లాభం ఉంది. డూమ్ ప్రాసలు వాక్యం చివర మాత్రమే ఉండవు. రెండు మూడు అక్షరాల గుంపులను వాక్యం మధ్యలోనూ కలుపుతూ పోతాడు. పద్యాల్లో యతిప్రాసలు వింటూ పెరిగినవాళ్లకు, ఏం చెబుతున్నాడో తెలియకపోయినా, ఎక్కడ కలిపాడో టక్కున తెలిసిపోతుంది. ఆ తర్వాత లిరిక్స్ చదివితే జోకులు బయటపడతాయి. "ఫ్యాన్సీ క్లౌన్"లో ఒకడు తనను మోసం చేసిన ప్రియురాలిని ఫోన్‌లో తిడుతుంటాడు. ఆమె ఎవడితో తిరుగుతోందా అని చూస్తే, ఆ రెండోవాడు డూమే. తిడుతున్నది డూమ్‌కున్న ఇంకో మారుపేరు. తనను తానే తిట్టుకునే పాట అన్నమాట, అదీ సీరియస్ మొహంతో.

దీనితో ఉన్న ప్రమాదం ఒక్కటే. ఇది వినకుండా కూడా వినొచ్చు. వెనకాల పెట్టుకుని పని చేసుకుంటే హాయిగా సాగిపోతుంది, ఏమీ మిగలదు. కనీసం ఒక్కసారైనా పనులు పక్కన పెట్టి వినండి.

సమ్ ర్యాప్ సాంగ్స్: శుభ్రమైన సౌండ్ అక్కర్లేదంటే

ఆరింటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. అయినా దీంతో మొదలుపెట్టమని ఎవరికీ చెప్పను.

మొదటిసారి వింటే ఫోన్ స్పీకర్ పాడైందేమో అనిపిస్తుంది. అరిగిపోయిన రికార్డు ఒకే గాడిలో ఇరుక్కున్నట్టు లూప్‌లు తిరుగుతుంటాయి. డ్రమ్స్ ఎక్కడో అడుగున ఉంటాయి. వాటి మీద ఎర్ల్ గొంతు, మాట్లాడటం ఇష్టం లేనివాడిలా. 15 పాటలు కలిపి 25 నిమిషాలే. చాలా పాటలు రెండు నిమిషాల లోపే.

ఈ మబ్బుకు కారణం తెలిస్తే ఆల్బమ్ మారిపోతుంది. ఎర్ల్ తండ్రి కెయొరాపెట్సె కొసిట్‌సిలె, దక్షిణాఫ్రికా జాతీయ కవిగా గౌరవం అందుకున్నాయన. తండ్రీకొడుకుల మధ్య ఏళ్ల తరబడి దూరం. ఆ దూరం తగ్గించుకోవాలని కొడుకు ఒక పాట సిద్ధం చేస్తున్నాడు: "ప్లేయింగ్ పాసమ్". అందులో ఎర్ల్ ర్యాప్ చేయడు. ఒక సభలో తల్లి కృతజ్ఞతలు చెబుతున్న మాటలను, తండ్రి తన కవిత చదువుతున్న గొంతును ఒకదాని పక్కన ఒకటి పెట్టాడు. విడిపోయిన అమ్మానాన్నలు ఆ పాటలో మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. తండ్రికి వినిపించేలోపే, 2018 జనవరిలో, ఆయన పోయారు. దాని తర్వాత వచ్చే "పీనట్" వింటే ఆ సౌండ్ అలా నలిగిపోయి ఎందుకుందో ఎవరూ చెప్పక్కర్లేదు. చివరి పాట "రయట్"లో మాటలే లేవు. ఆ కుటుంబానికి దగ్గరివాడైన ట్రంపెట్ విద్వాంసుడు హ్యూ మసెకెలా పాట నుంచి తీసుకున్న ముక్క అది. ఆయనా అదే నెలలో చనిపోయారు.

ఇప్పుడు మ్యాడ్‌విలనీ పక్కన పెట్టి చూడండి. రెండిటిలోనూ చిట్టి పాటలే, పల్లవులు తక్కువే, లూప్‌లే ఆధారం. ఎర్ల్ తరం మీద డూమ్ ప్రభావం కూడా దాచేస్తే దాగేది కాదు. కానీ డూమ్ మాస్క్ వెనకనుంచి ఆడుకుంటాడు, ఎర్ల్ దగ్గర ఆట లేదు. మూడ్ బాగున్నప్పుడు మొదటిది, ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకుని మాటలు రానప్పుడు రెండోది. రెండోది ఎంచుకుంటే ఒక్కసారి విని తీర్పు చెప్పొద్దు. 25 నిమిషాలే కాబట్టి వెంటనే రెండోసారి పెట్టేయండి. మొదటిసారి గోలలా ఉన్నది రెండోసారికి కుదురుకుంటుంది.

ద మనీ స్టోర్: ప్రశాంతత అక్కర్లేదంటే

కాలిఫోర్నియాలోని శాక్రమెంటో గ్రూపు డెత్ గ్రిప్స్. ఎమ్‌సీ రైడ్ అరుస్తాడు, జాక్ హిల్ డ్రమ్స్ బాదుతాడు, ఆండీ మోరిన్ మిగతా యంత్రాల పని చూస్తాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకునేముందు వాల్యూమ్ తగ్గించుకోండి. ఇది లాంఛనంగా చెప్పే మాట కాదు.

చాలామంది దీన్ని వినడానికి కష్టమైన ఆల్బమ్‌గా చెబుతారు. నేను ఒప్పుకోను. ఈ ఆరింటిలో నోటికి పట్టే హుక్‌లు ఎక్కువ ఉన్నది దీనిలోనే. "ఐ హావ్ సీన్ ఫుటేజ్" ఒక్కసారి వింటే రోజంతా నోట్లో తిరుగుతుంది. చివరి పాట "హ్యాకర్" దాదాపు డాన్స్ పాటే. పైన ఉన్న హోరు దాటగలిగితే లోపల మామూలు పాప్ పాటలాంటి కట్టుబాటు ఉంటుంది. హోరు దాటలేకపోతే మాత్రం లోపల ఏముందో తెలిసే అవకాశమే లేదు, ఎంత వివరించినా లాభం లేదు. మొదటి పది నిమిషాల్లో తేలిపోతుంది. తేలాక బలవంతంగా సాగదీయకండి.

మెటల్, పంక్ వినే అలవాటుంటే మీకిది పరాయిగా ఉండదు. జిమ్‌కు, పరుగుకు దీనికి మించింది ఈ లిస్టులో లేదు. రాత్రి పడుకునేముందు వద్దు. కవర్ బొమ్మ కూడా ఇంట్లో పెద్దవాళ్ల కంట పడేటట్టు పెట్టుకునేది కాదు.

దీన్ని విడుదల చేసింది ఎపిక్ అనే పెద్ద లేబుల్, అంటే రికార్డు కంపెనీ. అదే ఏడాది అక్టోబర్‌లో గ్రూపు తన తర్వాతి ఆల్బమ్‌ను లేబుల్‌కు చెప్పకుండా ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టేసింది. లేబుల్ ఆ గ్రూపును వదిలించుకుంది. పాటల్లో వినిపించే తిక్క వేషం కాదని దాంతో తేలిపోయింది.

స్ప్లెండర్ అండ్ మిజరీ: బీట్ లేకపోయినా, కథ ఉంటే చాలనుకుంటే

లాస్ ఏంజిలిస్ గ్రూపు క్లిపింగ్‌లో ర్యాపర్ డవీడ్ డిగ్స్. "హామిల్టన్" నాటకంలో లాఫయెట్, జెఫర్సన్ పాత్రలు వేసి 2016లో టోనీ అవార్డు తీసుకున్నది ఈయనే. మిగతా ఇద్దరు, విలియం హట్సన్, జొనాథన్ స్నైప్స్, సంగీతం కంటే శబ్దం మీద ఎక్కువ మక్కువ ఉన్నవాళ్లు.

కథ ఇది. అంతరిక్షంలో బానిసలను మోసుకెళ్లే ఓడ. తిరుగుబాటు జరుగుతుంది, ఒక్కడే మిగులుతాడు. ఓడను నడిపే కంప్యూటర్ మొదట అతన్ని ప్రమాదంగా లెక్కేసి హెచ్చరికలు పంపిస్తుంది. తర్వాత తర్వాత అతని మీద ప్రేమ పెంచుకుంటుంది. "ఆల్ బ్లాక్" పాటలో డిగ్స్ పాడుతున్నది ఆ కంప్యూటర్ తరఫున. వెనకాల బీట్ ఉండదు, ఓడ ఇంజన్ ఘోష మాత్రమే. ర్యాప్ అంటే "నేను" అని మొదలయ్యే కళ. క్లిపింగ్ పాటల్లో డిగ్స్ "నేను" అనడు. అది వాళ్లు పెట్టుకున్న నియమం. ఒంటరి మనిషి కథను డిగ్స్ నోట ఒక్క "నేను" లేకుండా, పక్కనున్న యంత్రం నోట చెప్పించడంలో ఉన్న గడుసుదనం కథ సగం నడిచాక గానీ తెలియదు.

మధ్యమధ్యలో వాద్యాలేమీ లేకుండా చర్చి బృందగానంలా సాగే పాటలు వస్తాయి. అమెరికాలో బానిసలు పొలాల్లో పాడుకున్న పాటల వాసన వాటిలో ఉంటుంది, అదీ నక్షత్రాల మధ్య. ఈ ఆల్బమ్ మరుసటి ఏడాది హ్యూగో అవార్డుకు నామినేట్ అయింది. సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే ఆ గౌరవం దగ్గరికి సంగీత ఆల్బమ్‌లు రావడం చాలా అరుదు.

నష్టం ఏమిటంటే, లిరిక్స్ చదవకుండా వింటే ఇది ముప్పై ఏడు నిమిషాల ఫ్యాన్ చప్పుడు. షఫుల్‌లో వింటే ఇంకా ఘోరం. విడిగా నిలబడే పాట ఒక్కటే, "ఎయిర్ ఎమ్ అవుట్". అది నచ్చి ఆల్బమ్ మొత్తం అలాగే ఉంటుందనుకుని వెళ్తే నిరాశే. హోరు విషయంలో దీన్నీ మనీ స్టోర్‌నీ ఒకే గాటన కడతారు గానీ, అక్కడ హోరు ఒంటికి, ఇక్కడ బుర్రకు. ఒకటి నచ్చిందని రెండోది నచ్చుతుందన్న భరోసా లేదు.

ద కోల్డ్ వెయిన్: నిడివి ఫర్వాలేదు, మాటలు కావాలంటే

న్యూయార్క్‌లోని హార్లెమ్ నుంచి వాస్ట్ ఎయిర్, వోర్డుల్ మెగా. ఈ ఇద్దరే కానిబల్ ఆక్స్. సంగీతం ఎల్-పీది. ఈయన తర్వాతి కాలంలో రన్ ద జ్యువెల్స్ అనే ర్యాప్ జంటలో సగంగా అందరికీ తెలిశాడు. 2001 మేలో వచ్చింది. చలికాలం రాత్రి, దీపాలు ఆరిపోయిన వీధి, పైన ఎక్కడో రైలు పోతున్న మోత: డెబ్బై అయిదు నిమిషాలూ ఇదే వాతావరణం. కిటికీ తెరిచే ప్రసక్తే లేదు.

వాస్ట్ ఎయిర్ ఒక్కో మాట మీద కూర్చుని నింపాదిగా చెబుతాడు. వోర్డుల్ మెగా మాట మీద మాట తోసుకుంటూ గొణుగుతూ పోతాడు. మొదటివాడి కోసం వచ్చి రెండోవాడి కోసం ఉండిపోయేవాళ్లు చాలామంది. "పిజన్" పాటలో నగరంలో ఎవరికీ పట్టని పావురాలు అక్కడి పేదవాళ్లకు గుర్తుగా నిలుస్తాయి. దాని తర్వాత, లిస్టులో పేరు లేకుండా దాచిపెట్టిన పాటలో ఆ పావురమే బూడిదలోంచి లేచే ఫీనిక్స్ పక్షి అవుతుంది. అక్కడిదాకా చేరాలంటే గంటకు పైగా ఓపిక కావాలి. నా సలహా, రెండు భాగాలుగా వినండి. ఒకే బిగిన వింటే చివరి మూడో వంతులో ఎవరికైనా చెవి అలసిపోతుంది. ఆల్బమ్ కాస్త కత్తిరించాల్సింది అని నా అభిప్రాయం. దీని అభిమానులు కొట్టడానికి వస్తారు.

బ్లాక్ అప్: పాట దారి తప్పినా ఫర్వాలేదంటే

షబాజ్ పాలెసెస్ అంటే సియాటిల్ నుంచి ఇష్మాయిల్ బట్లర్. తొంభైలలో డిగబుల్ ప్లానెట్స్ అనే ర్యాప్ గ్రూపులో ఉండి గ్రామీ గెలిచినవాడు. పక్కన టెండై మరైరె, జింబాబ్వే సంప్రదాయ వాద్యం ఎంబిరా వాయించే కుటుంబం వాడు. విడుదల చేసిన సబ్ పాప్, నిర్వాణ మొదటి ఆల్బమ్ తెచ్చిన రాక్ లేబుల్. పాట ఒకలా మొదలై, మధ్యలో ఇంకేదో అయి, మొదటి ముక్కకు తిరిగి రాకుండానే ముగుస్తుంది. పేర్లు ఎంత పొడుగంటే ఫోన్ స్క్రీన్‌లో పట్టవు. బాస్ లోతుగా, మెత్తగా ఉంటుంది. అందుకని చవక ఇయర్‌ఫోన్స్‌లో సగం ఆల్బమ్ మాయమైపోతుంది. రాత్రి కారులో వినడానికి ఇదే నా మొదటి ఎంపిక. ఎక్కువ విడమర్చి చెప్పడానికి లొంగే సంగీతం కాదు.

ఇప్పుడు మీ సంగతి

ఇప్పటివరకు విన్న ర్యాప్ అంతా సినిమా పాటల మధ్యలో వచ్చే నాలుగు లైన్లేనా? మ్యాడ్‌విలనీ. మరో ఆలోచన వద్దు. ఇందులో మీకు పోయేది పల్లవి ఒక్కటే, వాయిద్యాల తీపి అలాగే ఉంటుంది.

రాక్, మెటల్ వినేవాళ్లు మనీ స్టోర్‌తో మొదలుపెట్టి, ఊపిరి తీసుకోవడానికి బ్లాక్ అప్‌కు రావచ్చు.

కథలు, నవలలు చదివే అలవాటున్నవాళ్లకు స్ప్లెండర్ అండ్ మిజరీ. ఒక సాయంత్రం ఖాళీ చేసుకుని, లిరిక్స్ తెరిచిపెట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా వినండి. కవిత్వం ఇష్టమైతే కోల్డ్ వెయిన్, సమ్ ర్యాప్ సాంగ్స్ మధ్య ఎంచుకోవాల్సి వస్తుంది. దృశ్యాలు కట్టే కవిత్వం కావాలంటే మొదటిది. చెప్పీ చెప్పకుండా మింగేసే కవిత్వం కావాలంటే రెండోది. ఓపిక లెక్కలోకి తీసుకుంటే గంటంపావుకూ పాతిక నిమిషాలకూ ఉన్న తేడా చిన్నదేం కాదు.

కోడింగ్ చేసుకుంటూ వెనకాల పెట్టుకోవడానికైతే మ్యాడ్‌విలనీ లేదా బ్లాక్ అప్. మిగతా నాలుగూ పనిని పాడుచేస్తాయి, లేదా పని వాటిని పాడుచేస్తుంది.

భాషే పెద్ద అడ్డు అనుకునేవాళ్లకు ఈ ఆరు కాకుండా ఇంకోటి చెబుతాను. జే డిల్లా "డోనట్స్". అందులో ర్యాప్ లేదు, పాత సోల్ రికార్డుల ముక్కలతో కట్టిన 31 చిన్న ట్రాక్‌లు. 2006 ఫిబ్రవరి 7న, అతని 32వ పుట్టినరోజున విడుదలైంది. మూడు రోజులకు అతను చనిపోయాడు. హిప్‌హాప్‌లో బీట్ ఒక్కటే ఎంత చెప్పగలదో తెలియడానికి ఇది చాలు.

కాన్యే వెస్ట్ "యీజస్" ఎందుకు లేదంటారేమో. దాని గురించి మీకు ఇప్పటికే ఎవరో ఒకరు చెప్పి ఉంటారు.

ఒకటి నచ్చాక

మ్యాడ్‌విలనీ నచ్చితే మ్యాడ్‌లిబ్ 2007లో తెచ్చిన "బీట్ కండక్టా ఇన్ ఇండియా" వినండి. మన దేశపు పాత సినిమా సంగీతం ముక్కలతో కట్టిన బీట్లు అవి. ఎక్కడో విన్న ఆర్కెస్ట్రా ముక్క ఉన్నట్టుండి తగిలి ఉలిక్కిపడతారు. మనీ స్టోర్ నచ్చినవాళ్లు దాని తర్వాతిదాని కంటే ముందు, 2011 నాటి "ఎక్స్‌మిలిటరీ"కి వెళ్లడం మేలు. మొరటుగా ఉన్నా గిటార్ శాంపిల్స్ ఉండటంతో పట్టు దొరుకుతుంది. కోల్డ్ వెయిన్‌లో ఎల్-పీ సంగీతం పట్టుకుంటే అతని మొదటి గ్రూపు కంపెనీ ఫ్లో 1997 ఆల్బమ్ "ఫన్‌క్రషర్ ప్లస్" ఉంది. క్లిపింగ్ నచ్చితే 2019లో వచ్చిన హారర్ ఆల్బమ్ "దేర్ ఎగ్జిస్టెడ్ యాన్ అడిక్షన్ టు బ్లడ్". దాని ఆఖరి ట్రాక్ దాదాపు 18 నిమిషాల పాటు ఒక పియానో తగలబడుతున్న చప్పుడు, ఇంకేమీ ఉండదు. మొదటిసారి దాన్ని వదిలేసినా నష్టం లేదు, పాటలన్నీ అంతకుముందే అయిపోతాయి.